పొగవాయువుల శుద్ధిలో పీహెచ్‌డీ: మా అమ్మాయిని పంపొచ్చా?

ప్రశ్న: మాది సూళ్లూరుపేట దగ్గర పల్లె. చాలా ఏళ్లుగా చెన్నై శివారు మింజూరులో కిరాణా కొట్టు నడుపుతున్నాను. మా అమ్మాయి ఇక్కడే ఒక ప్రైవేటు కాలేజీలో బీటెక్ కెమికల్ ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. క్యాంపస్‌లో ఐటీ కంపెనీ ఆఫర్ వచ్చింది. తనకు మాత్రం ప్రాజెక్టు మీదే ధ్యాస. కార్బన్ నానోట్యూబుల (కంటికి కనబడనంత సన్నటి కార్బన్ గొట్టాల) మీద మాంగనీస్, సీరియం ఆక్సైడ్లు ఎక్కించి, పొగగొట్టం గాలిలోని విషవాయువులను తీసేసే క్యాటలిస్టు (రసాయన చర్యను వేగవంతం చేసే పదార్థం) తయారుచేస్తోంది. ఇదే దారిలో పీహెచ్‌డీ దాకా చదువుతానంటోంది. ఈసారి గేట్ రాయలేదు. పవర్ ప్లాంట్లకు ప్రభుత్వమే రూల్స్ సడలించింది కదా, ఇక ఈ చదువుకు ఉద్యోగాలెక్కడివని మా బావమరిది అంటున్నాడు. ఆ నానోట్యూబుల నల్లపొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదమని వాళ్లమ్మ భయం. చదువు లోను ఇంకా కట్టాలి. ఏం చేయమంటారు?

జవాబు: పంపండి. ఐటీ ఆఫర్ చేతిలో ఉన్న ఇంట్లో ఈ మాట మింగుడుపడదని నాకు తెలుసు. అయినా అదే నా సలహా. కాకపోతే దేనికోసం వెళ్తోందో మీ అమ్మాయి ముందే తేల్చుకోవాలి. ‘నానోట్యూబుల మీద పీహెచ్‌డీ’ అనుకుని వెళ్తే బయటికొచ్చాక ఇబ్బంది పడుతుంది. ‘ఫ్యాక్టరీ పొగను శుభ్రం చేసే క్యాటలిస్టులు, రియాక్టర్లు నేర్చుకుంటున్నాను, అందులో నానోట్యూబు ఒక పనిముట్టు’ అనుకుని వెళ్తే దారులు చాలానే ఉన్నాయి. ఈ తేడా ఇంట్లో అందరికీ అర్థమైతే మిగతా నిర్ణయాలు తేలికవుతాయి. అందుకే కాస్త విడమరిచి రాస్తాను.

మీకు దగ్గర్లోనే అత్తిపట్టులో నార్త్ చెన్నై థర్మల్ స్టేషన్ ఉంది. వల్లూరులో ఎన్టీపీసీ, తమిళనాడు విద్యుత్ సంస్థ కలిసి పెట్టిన 1500 మెగావాట్ల ప్లాంటు ఉంది. అలాంటి చోట బాయిలర్లో బొగ్గు మండితే బూడిదతో పాటు సల్ఫర్ డయాక్సైడు, నైట్రోజన్ ఆక్సైడ్లు, కొద్దిపాటి పాదరసం ఆవిరి కూడా బయటికొస్తాయి. బూడిదను కరెంటుతో లాగేసే ఈఎస్పీ ఉంటుంది. సల్ఫర్ డయాక్సైడును సున్నపురాయి కలిపిన నీళ్లతో కడిగే ఏర్పాటును ఎఫ్‌జీడీ అంటారు. నైట్రోజన్ ఆక్సైడ్లలో ముఖ్యమైన నైట్రిక్ ఆక్సైడ్ మాత్రం నీళ్లలో సరిగా కరగదు, కడిగితే పోదు. దానికి వేరే ఉపాయం ఉంది: పొగలోకి అమ్మోనియా వదిలి క్యాటలిస్టు మీదుగా పంపితే రెండూ కలిసి మామూలు నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మారిపోతాయి. ఈ పద్ధతినే ఎస్‌సీఆర్ అంటారు. మీ అమ్మాయి పని అంతా దీని చుట్టూనే.

ప్రపంచమంతా పవర్ ప్లాంట్లలో ఇందుకు వాడేది టైటానియం ఆక్సైడ్ మీద వనేడియం, టంగ్‌స్టన్ ఆక్సైడ్లు ఎక్కించిన దిమ్మెలు. అవి 300 నుంచి 400 డిగ్రీల వేడిలో బాగా పనిచేస్తాయి. అంత వేడి దొరకాలంటే బాయిలర్ దాటగానే, బూడిద ఇంకా తీయకముందే వాటిని పెట్టాలి. మన బొగ్గులో బూడిద 30 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. అది దిమ్మెలను అరగదీస్తుంది, సందులను పూడ్చేస్తుంది. అదే 150, 200 డిగ్రీల దగ్గర పనిచేసే క్యాటలిస్టు ఉంటే బూడిద తీసేశాక పెట్టుకోవచ్చు. పొగ అసలే చల్లగా వచ్చే కోక్ ఓవెన్లకు, చెత్త కాల్చే ప్లాంట్లకు కూడా అదే కావాలి. మాంగనీస్, సీరియం ఆక్సైడ్లు ఆ తక్కువ వేడిలోనే చురుగ్గా ఉంటాయి కాబట్టి పరిశోధకులు వాటి వెంట పడ్డారు.

నానోట్యూబు చేసే పని ఆ ఆక్సైడ్లను మోయడం. మీ కొట్లో సరుకంతా ఒకే కుప్పగా పోస్తే పైనున్నదే చేతికందుతుంది, అరల్లో సర్దితే ప్రతిదీ అందుతుంది. ఆక్సైడ్ రేణువులూ అంతే, ముద్దకట్టకుండా విడివిడిగా పరుచుకుంటేనే వాయువుకు అందుతాయి. 1991లో జపాన్ శాస్త్రవేత్త సుమియో ఇయిజిమా పేపరుతో ప్రపంచం దృష్టిలో పడ్డ ఈ గొట్టాలకు ఉపరితలం ఎక్కువ, ఎలక్ట్రాన్లు వాటి వెంబడి సులువుగా పారతాయి. వాటిని నైట్రిక్ యాసిడ్‌లో మరిగిస్తే గోడల మీద ఆక్సిజన్ ఉన్న గుంపులు ఏర్పడి, లోహాన్ని గట్టిగా పట్టుకుంటాయి. పాదరసం ఆవిరిని ఆక్సీకరించి పట్టుకోవడానికి కూడా ఇలాంటి క్యాటలిస్టులనే పరీక్షిస్తున్నారు.

ఇంత బాగుంటే ప్లాంట్లలో ఎందుకు పెట్టలేదు అని మీరు అడగాలి. ఇంటర్వ్యూలో మీ అమ్మాయిని అడిగేదీ అదే.

ల్యాబులో శుభ్రమైన గ్యాసుతో బ్రహ్మాండంగా పనిచేసిన మాంగనీస్ క్యాటలిస్టు, అసలు పొగలో ఉండే సల్ఫర్ డయాక్సైడు, నీటి ఆవిరి తగిలేసరికి నీరసించిపోతుంది. తక్కువ వేడిలో అమ్మోనియా, గంధకం కలిసి అమ్మోనియం బైసల్ఫేట్ అనే జిగురు లవణమై రంధ్రాలను మూసేస్తుంది. మాంగనీస్ కూడా సల్ఫేట్‌గా మారి పనికిరాకుండా పోతుంది. పైగా నైట్రోజన్ రావాల్సిన చోట కొంత నైట్రస్ ఆక్సైడ్ వస్తుంది, అది భూమిని వేడెక్కించే వాయువు. నానోట్యూబు ఎంతైనా బొగ్గు జాతే. 400 డిగ్రీలు దాటి వేడెక్కితే, అందులోనూ లోహపు ఆక్సైడ్లు అంటుకుని ఉంటే, అదే కాలిపోవడం మొదలవుతుంది. ప్లాంటుకు కావాల్సింది గ్రాములు కాదు, టన్నులు. ఆ లెక్కన టైటానియం ఆక్సైడ్‌తో పోలిస్తే ధర కూడా కలిసిరాదు. ఇన్నేళ్లయినా వనేడియం దిమ్మెలే రాజ్యమేలడానికి కారణాలివి.

అందుకే సూటిగా చెబుతున్నాను: ‘నానోట్యూబు క్యాటలిస్టు ఇంజినీరు కావలెను’ అనే ప్రకటన చెన్నైలో మీకు కనబడదు. ఆ పేరుతో ఉద్యోగం ఆశించి ఎవరూ ఈ చదువుకు వెళ్లకూడదు. కానీ పైన చెప్పిన ప్రతి చిక్కునూ సొంతంగా ఎదుర్కొని, కొలిచి, కారణం చెప్పగలిగిన మనిషి కోసం వెతికే చోట్లు చాలా ఉన్నాయి.

మన రాష్ట్రాల వాళ్లకు బాగా తెలిసిన ఉదాహరణ ఒకటి చెబుతాను. నల్లగొండ జిల్లా దామరచర్ల దగ్గర కట్టిన యాదాద్రి థర్మల్ స్టేషన్‌లో ఒక్కొక్కటి 800 మెగావాట్ల చొప్పున అయిదు యూనిట్లు. అది కొత్త ప్లాంటు. 2015 డిసెంబరు నాటి కేంద్ర నిబంధనల ప్రకారం, 2017 జనవరి నుంచి పెట్టిన ప్లాంట్లు నైట్రోజన్ ఆక్సైడ్లను ఘనపు మీటరుకు 100 మిల్లీగ్రాములకు మించనివ్వకూడదు. బర్నర్లు సరిచేసుకున్నంత మాత్రాన అంత తక్కువకు రావడం కష్టం, ఎస్‌సీఆర్ కావాలి. యాదాద్రికి ఆ క్యాటలిస్టులను తయారుచేసింది బీహెచ్ఈఎల్ బెంగళూరు యూనిట్. అంతకుముందు దాకా దిగుమతి చేసుకున్న సరుకు అది. ఫార్ములా కాగితం మీద ఉంటే సరిపోదు. పిండిలా కలిపిన ముద్దను అచ్చులోంచి తోసి, పగుళ్లు రాకుండా ఆరబెట్టి, కాల్చి, బలం పరీక్షించి, పొగ తగిలించి చూసి పంపాలి. అలాంటి పనికి క్యాటలిస్టు తెలిసిన కెమికల్ ఇంజినీర్లు కావాలి.

అంతకన్నా పెద్ద గిరాకీ బళ్లలో ఉంది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 వచ్చాక డీజిల్ లారీలకు, బస్సులకు యూరియా ద్రావణం పోసే ట్యాంకు పెట్టడం మీరు చూసే ఉంటారు, మింజూరు రోడ్డు మీద తిరిగేవన్నీ లారీలే కదా. ఆ యూరియా వేడికి అమ్మోనియాగా మారి, సైలెన్సర్ దగ్గరున్న క్యాటలిస్టు మీద మీ అమ్మాయి ల్యాబులో జరిగే రసాయన చర్యే జరుపుతుంది. క్యాటలిస్టు రాగి ఎక్కించిన జియోలైటు (సన్నటి రంధ్రాలున్న ఖనిజం) కావచ్చు, వనేడియం కావచ్చు, కొలిచే పద్ధతి ఒకటే. 2023 జులై నుంచి డీజిల్ జనరేటర్లకు కూడా కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సీపీసీబీ-4 ప్లస్ నిబంధనలు వచ్చాయి, పెద్ద సైజు జనరేటర్లలోకీ ఎస్‌సీఆర్ వచ్చేసింది. ఒరగడం, శ్రీపెరంబుదూరు చుట్టుపక్కల బళ్లు, ఇంజిన్లు, విడిభాగాలు తయారుచేసే కంపెనీలు, చెంగల్పట్టు దగ్గర మహీంద్రా వరల్డ్ సిటీలో జర్మన్ కంపెనీ బీఏఎస్ఎఫ్ వాళ్ల వాహన క్యాటలిస్టుల ఫ్యాక్టరీ, అన్నీ చెన్నై చుట్టూనే ఉన్నాయి. మణలిలో రిఫైనరీ ఉంది, రిఫైనరీ అంటేనే క్యాటలిస్టుల మీద నడిచే ఊరు. ఇక నానోట్యూబుల పని తెలిసినందుకు అదనంగా కలిసొచ్చేది బ్యాటరీల రంగం. లిథియం బ్యాటరీ ఎలక్ట్రోడ్లలో కరెంటు బాగా పారడానికి నానోట్యూబులను ఇప్పటికే కలుపుతున్నారు.

ఇప్పుడు మీ బావమరిది గారి మాట. ఆయన చెప్పింది గాలిమాట కాదు. 2025 జులైలో కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చిన నోటిఫికేషన్‌తో దేశంలో నాలుగింట మూడొంతులకు పైగా బొగ్గు ప్లాంట్లకు ఎఫ్‌జీడీ పెట్టాల్సిన అవసరం తప్పింది. పది లక్షలకు మించి జనాభా ఉన్న నగరాలకు 10 కిలోమీటర్ల లోపున్నవి మాత్రం పెట్టాల్సిందే. 2004 నుంచి 2016 మధ్య పెట్టిన ప్లాంట్లకు నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితిని కూడా అంతకుముందే 2020లో 300 నుంచి 450 మిల్లీగ్రాములకు పెంచారు. చిమ్నీల పక్కన బతికే మీలాంటి వాళ్ల తరఫున నాకు ఇది బాధగానే ఉంది. కెరీర్ లెక్కలో దీని అర్థం ఒకటే: పాత బొగ్గు ప్లాంట్ల మీద మాత్రమే ఆశపెట్టుకుంటే నోటిఫికేషన్ మారినప్పుడల్లా ఉద్యోగాలు ఊగిసలాడతాయి. బళ్లు, జనరేటర్లు, రిఫైనరీలు, కొత్త ప్లాంట్లు అన్నిటికీ పనికొచ్చేలా నేర్చుకుంటే ఒక తలుపు మూసినా ఇంకోటి తెరిచి ఉంటుంది. ఎఫ్‌జీడీ సడలింపు సల్ఫర్ డయాక్సైడుకు సంబంధించింది, మీ అమ్మాయి చేసేది నైట్రోజన్ ఆక్సైడ్ల పని అని కూడా ఆయనకు చెప్పండి.

వాళ్లమ్మ గారి భయాన్ని కొట్టిపారేయకండి. 2014లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిపుణులు ఒక రకం బహుళ గోడల నానోట్యూబును ‘మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నది’గా చేర్చారు. మిగతా రకాల గురించి తేల్చడానికి ఆధారాలు చాలవన్నారు. అమెరికాలో వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ 2013లో, ఎనిమిది గంటల పనిలో గాలిలో ఘనపు మీటరుకు ఒక మైక్రోగ్రాము మించకూడదని సిఫారసు చేసింది. కాబట్టి పొడిని ఫ్యూమ్ హుడ్‌లోనే (గాలిని బయటికి లాగేసే గాజు అరలోనే) తూచాలి, వీలైనంత వరకు తడిగానే వాడాలి, ఒలికితే ఊడ్చకుండా తడిబట్టతో తుడవాలి, సరైన మాస్కు, గ్లోవ్స్ ఉండాలి, ల్యాబు కోటు ఇంటికి తేకూడదు. ఇవి పాటించే చోట భయపడనక్కర్లేదు. నన్నడిగితే ఆ ల్యాబులో రోజువారీ ప్రమాదం పొడి కన్నా సిలిండర్లతోనూ మరిగే యాసిడ్‌తోనూ ఎక్కువ. నైట్రిక్ ఆక్సైడ్, సల్ఫర్ డయాక్సైడు, అమ్మోనియా అన్నీ విషవాయువులే. లీకైతే మోగే అలారం ఉందా, సిలిండర్లు గోడకు గొలుసుతో కట్టి ఉన్నాయా, రాత్రిపూట ఒక్కతే ఉండి ప్రయోగం నడుపుతోందా అని అడగండి. ఒంటరిగా నడపడానికి మాత్రం ఒప్పుకోవద్దు.

ఇక్కణ్నుంచి కొంత నేరుగా మీ అమ్మాయికే చెబుతాను, చూపించండి.

అమ్మా, క్వార్ట్జ్ గొట్టంలో చిటికెడు క్యాటలిస్టు పెట్టి, 500 పీపీఎం నైట్రిక్ ఆక్సైడ్, అంతే అమ్మోనియా, 5 శాతం ఆక్సిజన్, మిగతా నైట్రోజన్ కలిపి పంపించి, ఫర్నేసు వేడి పెంచుకుంటూ కన్వర్షన్ (ఎంత శాతం వాయువు మారిందనే) గ్రాఫు గీసి ఉంటావు. మొదటి గంటలో గ్రాఫు అందంగా కనిపిస్తుంది. అందులో కొంత నీ క్యాటలిస్టు గొప్ప కాదు, కార్బన్ గోడలు నైట్రిక్ ఆక్సైడ్‌ను ఊరికే పీల్చుకోవడం. రీడింగు కదలకుండా నిలబడేదాకా ఆగి నోట్ చేశావా? లోహం లేని ఖాళీ నానోట్యూబుతో అదే ప్రయోగం చేశావా? 250 డిగ్రీలు దాటాక కన్వర్షన్ ఎందుకు పడిపోతోంది, అమ్మోనియా తనంతట తానే ఆక్సీకరణ చెందుతోందా? బయటికొచ్చే గ్యాసులో కార్బన్ డయాక్సైడు పెరుగుతోందా, అంటే గొట్టాలు కాలుతున్నాయా? నైట్రస్ ఆక్సైడ్ ఎంత వస్తోంది? చివరగా సల్ఫర్ డయాక్సైడు, నీటి ఆవిరి వదిలి గంటల తరబడి నడిపి, గ్రాఫు దిగిపోవడం చూశావా, వాటిని ఆపేశాక తిరిగి లేచిందా? ఈ ప్రశ్నలకు నీ దగ్గర జవాబులుంటే ఏ ఇంటర్వ్యూ బోర్డు ముందైనా ధైర్యంగా కూర్చోవచ్చు. దిగిపోయిన గ్రాఫును దాచకు, అది ఎందుకు దిగిందో చెప్పగలగడమే నీ చదువు. ఈ సెమిస్టర్లో గంధకం ప్రయోగానికి వీల్లేకపోతే కనీసం మిగతావి పూర్తిచెయ్యి.

పై చదువుకు కెమికల్ ఇంజినీరింగ్ పేపరుతో గేట్ రాయాలి. పరీక్ష ఫిబ్రవరిలో ఉంటుంది, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. నేరుగా పీహెచ్‌డీ అని పట్టుబట్టకుండా ఐఐటీ మద్రాసులో రీసెర్చ్ ద్వారా చేసే ఎంఎస్, బెంగళూరు ఐఐఎస్‌సీలో రీసెర్చ్ ఎంటెక్ లాంటివి ముందు చూడమంటాను. రెండు మూడేళ్లలో పరిశోధన నాడి తెలిసిపోతుంది. నచ్చితే పీహెచ్‌డీకి కొనసాగొచ్చు, లేకపోతే డిగ్రీ చేతబట్టుకుని పరిశ్రమకు వెళ్లొచ్చు. ఐఐటీ మద్రాసులోనే క్యాటలిసిస్ కోసం ప్రత్యేకంగా నేషనల్ సెంటర్ ఉంది. గిండీలో అన్నా యూనివర్సిటీ ఏసీ టెక్ కెమికల్ ఇంజినీరింగ్‌కు 1944 నుంచీ పేరున్న కాలేజీ. తరమణిలో జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నీరి జోనల్ ల్యాబు ఉంది. ఇల్లు వదిలి వెళ్లడానికి అభ్యంతరం లేకపోతే హైదరాబాద్ తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ క్యాటలిసిస్‌కు పెట్టింది పేరు.

డబ్బు విషయం. గేట్ స్కోరుతో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ ఇస్తారు. పీహెచ్‌డీలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. మీ దగ్గర్నుంచి డబ్బు తీసుకోకుండా చదువుకోవచ్చు. ఐటీ జీతంతో పోల్చి చూస్తే మొదటి ఏళ్లలో తక్కువే అనిపించవచ్చు, లోను వాయిదా కూడా ఉంది కాబట్టి బ్యాంకుకు వెళ్లి, పై చదువులో చేరితే వాయిదాలు వెనక్కి జరపడానికి వీలుందా అని ఇప్పుడే అడగండి. పీహెచ్‌డీకి అయిదేళ్లు వేసుకోండి. ‘అన్నేళ్లు చదివితే పెళ్లెప్పుడు’ అనే మాట కూడా మీ ఇంట్లో వినిపిస్తూ ఉండొచ్చు. ఫెలోషిప్ తెచ్చుకుంటూ చదివే అమ్మాయి పెళ్లి చేసుకుని కూడా చదువు పూర్తిచేస్తుంది, అలా చేసినవాళ్లు ప్రతి ల్యాబులోనూ కనిపిస్తారు. ఆ కారణంతో మాత్రం ఆపకండి.

గేట్ రాయడానికి ఈ ఏడాది గ్యాప్ ఎలాగూ వస్తుంది. ఇంట్లో ఇబ్బంది లేకపోతే ప్రాజెక్టు అసోసియేట్‌గా ఏదైనా ల్యాబులో చేరి, పక్కన గేట్‌కు చదవడం అన్నిటికంటే మేలు. డబ్బు అవసరమైతే ఐటీలో చేరడం తప్పేమీ కాదు. అయితే ఆఫర్ లెటర్లో సర్వీస్ అగ్రిమెంట్ ఎన్ని నెలలకు రాశారో, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో చదవకుండా సంతకం పెట్టనివ్వద్దు.

గైడును ఎంచుకునే ముందు ఆ ల్యాబులో చివరి ఏడాదిలో ఉన్న విద్యార్థులతో ఒక్కతే వెళ్లి మాట్లాడమనండి. గ్యాస్ ఎనలైజర్ పనిచేస్తోందా, సల్ఫర్ డయాక్సైడుతో పరీక్షించే ఏర్పాటు ఉందా, ఏ పరిశ్రమతోనైనా కలిసి పనిచేస్తున్నారా, ముందు బ్యాచ్ వాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు అని అడగాలి. నానోట్యూబులు తప్ప ఇంకేదీ ముట్టుకోనివ్వని ల్యాబైతే వద్దు. టైటానియం ఆక్సైడ్, జియోలైట్, సీరియం ఆక్సైడ్ లాంటి, క్యాటలిస్టును మోసే వేరే పదార్థాలతో కూడా పోల్చి చూడనిచ్చే గైడు దొరికితే కళ్లు మూసుకుని చేరొచ్చు. గేట్ రిజిస్ట్రేషన్ మామూలుగా ఆగస్టు చివర్లో మొదలవుతుంది, ఈ మాటలన్నీ అంతకుముందే అయిపోవాలి.